కొత్త కరెన్సీ తేవాలంటే ఏ పని ముందు, ఏది తర్వాత

ముందే చెప్పేస్తున్నా, ధరలు అదుపు తప్పిన దేశం కొత్త కరెన్సీ తెచ్చుకునే ఈ మొత్తం వ్యవహారంలో నోట్లు మార్చడమే తేలికైన పని. డిజైన్, ప్రింటింగ్, రవాణా, కాపలా, ఇవన్నీ డబ్బు పెడితే జరిగిపోతాయి. వెనెజువెలా 2008లో తన కరెన్సీలోంచి మూడు సున్నాలు కొట్టేసింది, 2018లో ఐదు, 2021లో ఇంకో ఆరు. ఒకసారి పని చేసుంటే మూడుసార్లు చేయాల్సిన అవసరమేముంది?

కాబట్టి మొదట చేయాల్సింది, ఖజానాలో లోటు వచ్చినప్పుడల్లా కేంద్ర బ్యాంకు చేత నోట్లు అచ్చేయించే దారి మూసేయడం. 1923 నవంబర్‌లో జర్మనీ రెంటెన్‌మార్క్ అనే కొత్త కరెన్సీ తెచ్చినప్పుడు లక్ష కోట్ల పాత మార్కులకు ఒక్క కొత్త మార్కు ఇచ్చారు. దానికి భూముల తాకట్టు ఉందన్నారు గానీ, నోటు పట్టుకెళ్లి భూమి రాయించుకోవడం ఎవరికీ కుదరదు కదా. అసలు పని చేసింది పరిమితి. ఎన్ని నోట్లు వేయొచ్చో, ప్రభుత్వానికి ఎంత అప్పివ్వొచ్చో ముందే తేల్చేశారు, డిసెంబర్‌లో ప్రభుత్వం ఇంకా కావాలని వస్తే కుదరదన్నారు. ఆ "కుదరదు" అనేవాడు మీ దగ్గర లేకపోతే కొత్త నోటు జోలికి వెళ్లకండి. తుర్కియే అయితే ద్రవ్యోల్బణం పది శాతం లోపుకు దిగేదాకా ఆగి, 2005 జనవరి 1న తీరిగ్గా ఆరు సున్నాలు తీసేసింది.

రెండోది జనం అలవాటు. ధరలు రోజూ పెరిగే చోట, రేపు ఎలాగూ పెరుగుతుందని అందరూ ఇవాళే రేటు పెంచేస్తారు. ఈ అలవాటు మాన్పించడంలో నాకు తెలిసి బ్రెజిల్‌ను మించిన ఉదాహరణ లేదు. అప్పటికే ధరల్ని స్తంభింపజేసి చూశారు, 1990లో ఏకంగా జనం పొదుపు డబ్బే బ్యాంకుల్లో బిగబట్టి చూశారు (ఇది మాత్రం పొరపాటున కూడా చేయకండి, బ్యాంకు మీద పోయిన నమ్మకం అంత త్వరగా రాదు). చివరికి 1994 మార్చి 1న యూఆర్‌వీ అని నోటే లేని ఒక లెక్క పెట్టారు. జీతాలు, ఒప్పందాలు, ధరలు అందులో రాసుకోవాలి, చెల్లింపు మాత్రం పాత డబ్బుతోనే. మొదటి రోజు ఒక యూఆర్‌వీకి 647.50 క్రుజేరో రియాల్‌లు (అదే ఆ పాత డబ్బు), ఆ రేటు రోజూ మారుతూ జూలై 1 నాటికి 2,750కి చేరింది. అంటే పాత డబ్బులో ధర ఎంత ఎగబాకుతున్నా, యూఆర్‌వీలో చూస్తే అదే వస్తువు దాదాపు అక్కడే ఉండేది. నాలుగు నెలలు అలా నిలకడగా ఉన్న అంకె చూడటం అలవాటయ్యాక, ఆ యూఆర్‌వీనే రియాల్ పేరుతో నోటుగా చేతికిచ్చారు.

కొత్త కరెన్సీని ఒకే స్థిరమైన రేటుతో డాలర్‌కు కట్టేయొచ్చు కదా అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. కట్టొచ్చు, మొదట్లో బాగానే పనిచేస్తుంది, బయటికి రావడమే నరకం. అర్జెంటీనా 1991లో పెట్టుకున్న ఒక పెసోకి ఒక డాలర్ అనే ముడి 2002 జనవరిలో తెగింది, డాలర్లలో అప్పు తీసుకున్నవాళ్ల అప్పులు ఏం చేయాలో ప్రభుత్వం తేల్చాల్సొచ్చింది. జింబాబ్వే 2024 ఏప్రిల్‌లో బంగారం, విదేశీ నిల్వల ఆసరాతో జిగ్ అనే కరెన్సీ తెచ్చి, సెప్టెంబర్‌కల్లా దాని విలువ 40 శాతానికి పైగా తగ్గించాల్సి వచ్చింది. అందుకే అధికారిక రేటు కంటే బ్లాక్ మార్కెట్ రేటు మీద ఒక కన్నేసి ఉంచండి, ఆ రెండింటి మధ్య తేడా పెరుగుతోందంటే టెన్షన్ పడాల్సిన టైం వచ్చినట్టే.

ఇక మార్పిడి రోజు సంగతి. క్రొయేషియా 2023 జనవరి 1న యూరోకి మారింది, కానీ దుకాణాల్లో రెండు ధరలూ రాయడం 2022 సెప్టెంబర్ నుంచే తప్పనిసరి చేసింది, ఎవరు పెంచారో కొనేవాళ్లకే కనిపించేలా. పాత అప్పులు, అద్దెలు, డిపాజిట్లు ఏ రేటుకు మారతాయో చట్టంలోనే రాయండి, లేకపోతే కోర్టుల్లో తేలాలి. చిల్లర నాణేలు దండిగా వేయండి, లేదంటే ప్రతి ధరా పైకే సర్దుకుంటుంది. పాత నోట్లకు గడువు పెట్టి జనాన్ని క్యూల్లో తొక్కించొద్దు, జర్మనీ కేంద్ర బ్యాంకు యూరోకి ముందు వాడిన పాత డాయిష్ మార్కులను ఏ గడువూ లేకుండా ఇప్పటికీ మార్చి ఇస్తుంది.