బొమ్మ వచ్చింది, పాఠం రాలేదు: తరగతి గదిలో తెరతో తిప్పలు, వాటికి మందులు

ప్రొజెక్టర్ మొరాయిస్తే క్లాసంతా టీచర్ వైపే చూస్తుంది. ఆ టెన్షన్‌లో చేతికి దొరికిన బటనల్లా నొక్కేస్తాం. నిజానికి ఇలాంటి వాటిలో చాలావరకు కేబులో సెట్టింగో చూసుకుంటే రెండు నిమిషాల్లో తేలిపోతాయి. ముందు వాటి సంగతి చూసి, తర్వాత అసలు తలనొప్పి దగ్గరికి వద్దాం: అన్నీ సవ్యంగా పనిచేస్తున్నా పాఠం పిల్లలకు ఎక్కకపోవడం.

తెర మీద ‘నో సిగ్నల్’ అని వస్తోంది

కేబుల్ పాడైందని అప్పుడే అనుకోకండి. మీరు కేబుల్‌ను ప్రొజెక్టర్‌కున్న హెచ్‌డీఎంఐ 2 అనే పోర్టులో పెట్టి ఉంటారు, ప్రొజెక్టరేమో 1లో వెతుకుతూ ఉంటుంది. రిమోట్‌లో సోర్స్ లేదా ఇన్‌పుట్ బటన్ నొక్కి మార్చండి. అప్పటికీ రాకపోతే ల్యాప్‌టాప్‌లో విండోస్ మీట పట్టుకుని పి నొక్కి, ‘డూప్లికేట్’ ఎంచుకోండి. తెర మీద ఖాళీ వాల్‌పేపర్ కనిపించి స్లైడ్లు కనిపించకపోతే ‘ఎక్స్‌టెండ్’లో ఉందన్నమాట. దానికీ ఇదే మందు. ఈ రెండూ అయ్యాకే కేబుల్ మార్చి చూడండి.

బొమ్మ ఉంది, శబ్దం లేదు

హెచ్‌డీఎంఐ కేబుల్ బొమ్మతో పాటు శబ్దాన్ని కూడా తీసుకెళ్తుంది. మీరు స్పీకర్లను ల్యాప్‌టాప్‌కే తగిలించినా, అది మాత్రం శబ్దాన్ని ప్రొజెక్టర్‌కు పంపుతూ కూర్చుంటుంది. టాస్క్‌బార్‌లో స్పీకర్ గుర్తు నొక్కి, శబ్దం ఎటు వెళ్లాలో అక్కడ మార్చుకోండి.

టచ్ పనిచేయడం లేదు

ఇంటరాక్టివ్ ప్యానెల్‌కు ల్యాప్‌టాప్ కలిపినప్పుడు హెచ్‌డీఎంఐ కేబుల్‌తో బొమ్మ, శబ్దం మాత్రమే వెళ్తాయి. వేలు ఎక్కడ తాకిందో ల్యాప్‌టాప్‌కు చెప్పడానికి విడిగా యూఎస్‌బీ కేబుల్ కావాలి. ఆ రెండో కేబుల్ ఎక్కడో బీరువాలో పడి ఉంటుంది, వెతకండి. తాకింది ఒకచోట, గీత పడింది ఇంకోచోట అయితే క్యాలిబ్రేషన్, అంటే ఆ రెండూ ఒకేచోట పడేలా సరిచేయడం, మళ్లీ చేయాలి.

కాసేపు నడిచి దానంతట అదే ఆరిపోతోంది

వేడెక్కి ఆగిపోతోంది. గాలి ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయి ఉంటుంది, చాక్‌పీసు వాడే గదుల్లో మరీ త్వరగా. చల్లారాక ప్లగ్ తీసి, ఫిల్టర్ బయటకు లాగి శుభ్రం చేయండి. గాలి వచ్చే కన్నాలకు అడ్డంగా పుస్తకాలు పెట్టకండి. ల్యాంపు ప్రొజెక్టరైతే, ఆపిన తర్వాత ఫ్యాన్ నిలిచేదాకా మెయిన్ స్విచ్ జోలికి వెళ్లకూడదు.

ఇంట్లో చక్కగా ఉన్న తెలుగు, క్లాసులో పిచ్చిరాతలైంది

పాత డీటీపీ ఫాంట్లతో టైప్ చేస్తే ఇంతే. వాటిలో పైకి కనిపించేది తెలుగు, ఫైల్ లోపల ఉండేవి ఇంగ్లిష్ అక్షరాలకు వాడే కోడ్‌లు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే ఆ ఇంగ్లిష్ అక్షరాలే బయటపడతాయి. ఇకముందు, తెలుగు అక్షరాలకు సొంత కోడ్‌లు ఉండే యూనికోడ్‌లోనే టైప్ చేయండి. పాత ఫైళ్లను, ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్‌లోనే పీడీఎఫ్‌గా మార్చి తీసుకెళ్లండి. పీడీఎఫ్‌లో యానిమేషన్లు, వీడియోలు ఆడవు కాబట్టి వాటిని విడిగా పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవాలి. నెట్ ఉంటుందనే నమ్మకంతో లింకు మాత్రమే పట్టుకెళ్లడం అంత మంచిది కాదు.

వెనక బెంచీ వాళ్లు పక్కవాళ్ల నోట్సులో చూసి రాసుకుంటున్నారు

అక్షరాలు చిన్నవై ఉండొచ్చు, లేదా వెనుక రంగు దెబ్బతీసి ఉండొచ్చు. ప్రొజెక్టర్ వెలుగును మాత్రమే వేయగలదు, నలుపును వేయలేదు. తెర మీద మనకు నలుపుగా కనిపించేది వెలుగు పడని భాగమే. గదిలో వెలుతురు ఉంటే ఆ భాగం బూడిదరంగులోకి తిరుగుతుంది, నల్లటి స్లైడ్ మీది అక్షరాలు కరిగిపోతాయి. ల్యాప్‌టాప్‌లో ఎంత అందంగా ఉన్నా సరే, తెల్లటి వెనుక రంగు, ముదురు అక్షరాలే పెట్టుకోండి. గదంతా చీకటి చేయనక్కర్లేదు, నోట్సు రాసుకోవాలి కదా. తెరకు దగ్గరి లైటు ఒక్కటి ఆపితే చాలు. క్లాసు మొదలవక ముందే స్లైడ్ తెరిచి, చివరి బెంచీలో కూర్చుని చదవండి. మీకే కష్టమైతే ఆ స్లైడ్‌ను రెండుగా విడగొట్టండి.

వీడియో కళ్లప్పగించి చూశారు, అడిగితే నోరు మెదపడం లేదు

ఇది కేబుల్‌తో తీరే సమస్య కాదు. పుస్తకంలో అర్థం కాని వాక్యం దగ్గర పిల్లలు ఆగగలరు. వీడియో ఎవరికోసమూ ఆగదు. ముందు చెప్పింది బుర్రలో కుదురుకోకముందే తర్వాతిది వచ్చి పడుతుంది. మన మెదడు ఒక్కసారిగా పట్టుకోగలిగే కొత్త సంగతులు కొన్నే. దీని మీద విద్యా మనస్తత్వవేత్త జాన్ స్వెల్లర్ 1980ల నుంచి పరిశోధన చేశారు. పైగా బొమ్మలు కదులుతూ, గొంతు శ్రావ్యంగా ఉంటే ‘అర్థమైపోయింది’ అన్న భ్రమ కూడా కలుగుతుంది. నా మట్టుకు ఏమీ అర్థం కాకపోవడం కన్నా ఇదే ఎక్కువ ప్రమాదం.

కాబట్టి ప్లే నొక్కే ముందే ఒక ప్రశ్న బోర్డు మీద రాయండి. రక్తప్రసరణ పాఠమే తీసుకుందాం. గుండెలోని కుడి కింది గది, అంటే కుడి జఠరిక, ముడుచుకునే క్షణంలో వీడియో ఆపి, ‘ఈ రక్తం ఇప్పుడు ఎటు పోతుంది?’ అని అడగండి. ‘ఒళ్లంతా’ అని గట్టిగా వినిపిస్తుంది. ఒప్పో తప్పో చెప్పకుండా నోట్సులో రాయించండి. అప్పుడు ప్లే చేస్తే, రక్తం ఊపిరితిత్తుల వైపు మళ్లడాన్ని వాళ్లు వెతుక్కుంటూ చూస్తారు. ఇంకో చిక్కు కూడా అక్కడే బయటపడుతుంది. బొమ్మలో కుడి జఠరిక చూసేవాళ్లకు ఎడమ చేతి వైపు ఉంటుంది. గుండె మనకు ఎదురుగా నిలబడిన మనిషిదని ఒక్క మాట చెప్పకపోతే, సగం క్లాసు కుడి ఎడమల దగ్గరే ఆగిపోతుంది. వీడియో చేసినవాళ్లు ఆ మాట చెప్పకపోవచ్చు, చెప్పాల్సింది మీరే.

రెండోసారి అదే ముక్కను శబ్దం ఆపేసి వేయండి. వ్యాఖ్యానం పిల్లలు చెప్పాలి. ఎక్కడ తడబడితే మళ్లీ బోధించాల్సింది అక్కడే. మొత్తం వీడియో వేయాలని నియమమేమీ లేదు, రెండు మూడు నిమిషాల ముక్క చాలు.

స్లైడ్లతోనూ ఇలాంటి గొడవే ఉంది. బొమ్మ పక్కన పేరా పెట్టి, అదే పేరాను మనం పైకి చదువుతాం. పిల్లలు చదవాలా, వినాలా, బొమ్మ చూడాలా? మరో విద్యా మనస్తత్వవేత్త రిచర్డ్ మేయర్ ప్రయోగాల్లో బొమ్మ, మాట మాత్రమే ఉన్నప్పటికంటే, అదే మాటను అక్షరాల్లో కూడా చూపినప్పుడు నేర్చుకోవడం సాధారణంగా తగ్గింది. పేరా తీసేసి బొమ్మ ఉంచండి, వివరణ మీ నోట రానివ్వండి. వీడియోలోని భాష పిల్లలకు కొత్తదైతే మాత్రం ఈ లెక్క వేరు, అప్పుడు సబ్‌టైటిల్స్ సాయపడతాయి. తెరతో పని లేనప్పుడు పవర్‌పాయింట్‌లో బి నొక్కితే తెర నల్లబడుతుంది, చూపులు మీ వైపు తిరుగుతాయి.

ఎప్పుడూ ఆ నలుగురే జవాబు చెబుతున్నారు

చేతులెత్తించి అడిగితే జరిగేది అదే. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1991లో మొదలుపెట్టిన పద్ధతి దీనికి బాగా పనికొస్తుంది. మీరు ప్రశ్న వేశాక, పిల్లలు ప్రతి ఒక్కరూ మాట్లాడకుండా సొంతంగా ఒక జవాబు ఎంచుకోవాలి. ఆ తర్వాత పక్కవాళ్లతో వాదించి, మళ్లీ ఎంచుకోవాలి. క్విజ్ యాప్ ఉంటే సరే, లేకపోయినా ఎ, బి, సి, డి అట్టముక్కలతో నడుస్తుంది. యాప్ వాడితే టైమర్, పాయింట్లు ఆపేయండి. అవి ఉన్నంతసేపు పిల్లలు ఆలోచించరు, పరుగు పెడతారు.

ట్యాబ్ ఇచ్చాం, పాఠం వదిలి ఇంకేదో చూస్తున్నారు

2013లో కెనడాలో జరిగిన ఒక ప్రయోగంలో, క్లాసు మధ్యలో ల్యాప్‌టాప్‌లో వేరే పనులు చేసినవాళ్లకే కాదు, ఆ తెర కంటపడేలా కూర్చున్నవాళ్లకూ మార్కులు తగ్గాయి. కాబట్టి ‘వాడి చదువు వాడిష్టం’ అని వదిలేయలేం. ఇద్దరికి ఒక ట్యాబ్ ఇవ్వండి, చేయాల్సిన పని, దానికి గడువు ముందే చెప్పండి. మీరు బోర్డు దగ్గర కాకుండా గది వెనక నిలబడితే తెరలన్నీ ఒకేసారి కనిపిస్తాయి. మీరు మాట్లాడేటప్పుడు మాత్రం ట్యాబ్‌లన్నీ బోర్లా పెట్టించాల్సిందే.