లక్షణం మీద చెయ్యి వేసే ముందు

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు గుమాస్తా ఒకడు ఉన్నాడనుకుందాం. లారీకెక్కిన టిక్కీలు (మిర్చి బస్తాలు) మూడుసార్లు లెక్కపెడితే గానీ కాగితం మీద సంతకం పెట్టడు. మొదటిసారే సరిపోయిందని అతనికీ తెలుసు. రెండుసార్లకే ఆపితే గుండె దడ, అరచేతుల్లో చెమట. మూడోది పూర్తయిందా, ఊపిరి తిరుగుతుంది. కౌన్సెలింగ్ నేర్చుకునేవాళ్లు పట్టుకోవలసింది ఇక్కడే: ఆ లెక్కే లక్షణం, ఆందోళనను కట్టిపడేసి ఉంచుతోంది అదే.

మనోవిశ్లేషణకు ఆద్యుడు ఫ్రాయిడ్ మొదట్లో అణచిన కోరికే ఆందోళనగా మారుతుందన్నాడు. 1926లో మాట మార్చాడు. ఆందోళనే ముందు, అది ప్రమాదం వస్తోందని అహం (గర్వం కాదు, మనసులో 'నేను' అనే భాగం, ఈగో) ఇచ్చే హెచ్చరిక. దానివల్లే అణచివేత మొదలవుతుంది, అణచినది వేషం మార్చుకుని లక్షణంగా బయటపడుతుంది. రెంటినీ కలిపి చదివితే అయోమయమే, కాబట్టి ఏ ఏటి రచనో చూసుకోండి.

ఇక పని. ముందు డాక్టరు చూడాలి. థైరాయిడ్ ఎక్కువైనా, గుండె లయ తప్పినా ఇదే దడ. తర్వాత రెండు వారాలు ఒక చిన్న పుస్తకంలో రాయించండి: ఎన్ని గంటలకు, దానికి కాస్త ముందు ఏం జరిగింది, ఆపితే ఏమనిపించింది. నడిమి గడి అన్నిటికన్నా విలువైనది. షావుకారు కసిరిన రోజుల్లోనే లెక్క మూడు నుంచి ఐదుకు పెరుగుతుంటే దారి దొరికినట్టే.

"ఎందుకు చేస్తావు?" అని అడగొద్దు, సాకులే వస్తాయి. "రెండోదాని దగ్గర ఆగితే ఏమవుతుందనిపిస్తుంది?" అని అడిగి, మౌనంగా ఉండండి. వచ్చే జవాబులో ఫ్రాయిడ్ చెప్పిన ప్రమాదాల్లో ఏది వినిపిస్తోందో గమనించండి: అయినవాళ్లు దూరమవడం, వాళ్ల ప్రేమ పోవడం, లింగచ్ఛేద భయం (పురుషాంగం పోతుందన్న భయం), అంతరాత్మ వేసే శిక్ష. మీకు అర్థమైంది కదా అని వెంటనే చెప్పేయకండి. తొందరపడి చెప్పిన అర్థానికి అతను తలూపుతాడు, లెక్క మాత్రం ఆగదు.

ఎక్కువగా చెడేది ఇంటి దగ్గర. "ఇక చాల్లే" అని కాగితం లాక్కుంటారు. కట్టు తెగిన ఆందోళన పొంగుతుంది, లేదా ఇంకోచోట చేరుతుంది: లెక్క మానిన మనిషి రాత్రిళ్లు గ్యాస్ నాబ్ పదేపదే చూడటం మొదలుపెడతాడు. బిహేవియర్ థెరపీలోనూ (ప్రవర్తనను మార్చే చికిత్స) ఇలాంటి పనుల్ని ఆపిస్తారు, మంచి ఫలితాలూ ఉన్నాయి. కానీ అక్కడ శిక్షణ పొందినవాళ్లు, అతని ఒప్పుదలతో, మెట్టు మెట్టుగా ఆపిస్తారు. లాక్కోవడం అది కాదు.

నిద్ర పూర్తిగా పోయినా, చావు మాట వచ్చినా ఈ పుస్తకం పక్కన పెట్టి వెంటనే గుంటూరు జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి) మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, రాత్రయినా పలుకుతుంది.