వైర్‌లెస్ మీటర్ రీడింగ్ రిసీవర్‌కి అందకపోతే

నీళ్ల మీటర్ రీడింగ్ కంప్యూటర్‌లోనే చూసుకుందామని మీటర్ పంపే రేడియో సిగ్నల్ అందుకునే యూఎస్‌బీ రిసీవర్ పెడితే, ఎంతసేపు చూసినా ఒక్క లైనూ రాకపోవడం మహా చిరాకు. రిసీవర్ మార్చే ముందు ఫ్రీక్వెన్సీ చూడండి. రిసీవర్‌కి వచ్చే సిగ్నల్‌ని చదివి చూపే ఆర్‌టీఎల్_433 (rtl_433) ప్రోగ్రామ్ మనం ఏమీ చెప్పకపోతే 433.92 మెగాహెర్ట్జ్ దగ్గరే వింటుంది. వైర్‌లెస్ ఎం-బస్ (మీటర్లు రీడింగ్‌ని రేడియోలో పంపే ఒక పద్ధతి) మీటర్లేమో ఎక్కువగా 868.95 దగ్గర పంపుతాయి. అది మార్చి, శాంపిల్ రేటు (సెకనుకు సిగ్నల్‌ని ఎన్నిసార్లు కొలవాలో చెప్పే అంకె) 1200k, అంటే 12 లక్షలు పెట్టండి.

యాంటెనా పూర్తిగా లాగితే మంచిదనుకుంటాం గానీ, ఈ ఫ్రీక్వెన్సీకి 8.6 సెంటీమీటర్లు చాలు. స్కేలు పెట్టి కొలిచి, నిటారుగా నిలబెట్టండి. రిసీవర్‌ని కంప్యూటర్‌కి నేరుగా గుచ్చకుండా యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరుతో ఒక మీటరు దూరం జరిపితే కంప్యూటర్ నుంచి సిగ్నల్‌లో కలిసే గోల బాగా తగ్గుతుంది.

మొదట ఫిల్టర్ (ఎంచుకున్న మీటర్‌నే చూపే సెట్టింగ్) ఏదీ పెట్టకండి. చుట్టుపక్కల మీటర్ల నంబర్లూ వస్తాయి, కంగారు పడొద్దు. మీ మీటర్ మీద ముద్రించిన 8 అంకెల నంబర్ కనిపించాక దానికి మాత్రమే ఫిల్టర్ పెట్టుకోండి.

నంబర్ వస్తున్నా రీడింగ్ రాకపోతే చాలావరకు మీటర్ డేటా ఎన్‌క్రిప్ట్ అయి (కీ లేకుండా చదవలేని కోడ్‌లో) ఉందన్నమాట. అప్పుడు ఏ సెట్టింగూ పనిచేయదు. మీటర్ ఇచ్చినవాళ్లని 32 అక్షరాల కీ అడిగి తీసుకోవాల్సిందే.