కొరియా విమానం టికెట్ కొనే ముందు ప్రమాదాల చరిత్ర ఎలా చదవాలి

పాత ప్రమాదాల లిస్టు చూసి టెన్షన్ పడకండి, ముందు కారణాలను బట్టి విడదీయండి. 1987లో కొరియన్ ఎయిర్ సంస్థ 858 నంబరు విమానం కూలింది బాంబు వల్ల. 1983లో అదే సంస్థ 007 విమానం దారి తప్పిన మాట నిజమే, కానీ కూల్చింది సోవియట్ క్షిపణి.

తర్వాత తేదీలు చూడండి, అసలు సంగతి ఇక్కడే ఉంది. 1997లో పసిఫిక్ దీవి గువామ్‌లో కొరియన్ ఎయిర్ 801 కొండను ఢీకొని 228 మంది చనిపోయారు, కెప్టెన్ పొరపాటుతో పాటు కాక్‌పిట్‌లోని మిగతా ఇద్దరూ ఆయన్ని సరిగా సరిచూడకపోవడం కూడా కారణమని దర్యాప్తు తేల్చింది. 1999లో అమెరికా సంస్థ డెల్టా కొరియన్ ఎయిర్‌తో కోడ్‌షేర్ (ఒకరి విమానాల్లో సీట్లు మరొకరు అమ్ముకునే ఒప్పందం) ఆపేసింది, ఆ డిసెంబర్‌లోనే లండన్ స్టాన్‌స్టెడ్ ఎయిర్‌పోర్టు దగ్గర కొరియన్ ఎయిర్ కార్గో విమానం కూలింది. ఆ దెబ్బతో డెల్టాలో పనిచేసిన నిపుణుడినే పిలిచి శిక్షణ పద్ధతి మార్చుకున్నారు. ఆ తర్వాత కొరియన్ ఎయిర్ విమాన ప్రమాదాల్లో ప్రయాణికులెవరూ చనిపోలేదు. నా దృష్టిలో ఇది చిన్న విషయం కాదు.

అన్ని కొరియా సంస్థలనూ ఒకే గాటన కట్టకండి. 2013లో శాన్‌ఫ్రాన్సిస్కోలో దెబ్బతిన్నది ఏషియానా. 2024 డిసెంబర్ 29న ముఆన్‌లో 179 మందిని పోగొట్టుకున్నది జెజు ఎయిర్, అక్కడ రన్‌వే అవతలున్న కాంక్రీటు కట్టడాన్ని ఢీకొట్టింది. అందుకే సంస్థతో పాటు దిగే ఎయిర్‌పోర్టు గురించీ చదవండి, వార్తల కంటే దర్యాప్తు నివేదికలకే ఎక్కువ విలువివ్వండి.