వానలు పడకముందు పాతబస్తీ ఇళ్లకు తీసుకోవలసిన జాగ్రత్తలు

హైదరాబాద్ పాతబస్తీలోని శాలిబండ, గౌలిపురా, లాల్‌దర్వాజ గల్లీలలో నేటికీ నిలిచి ఉన్న పాత ఇళ్లు చాలావరకు సిమెంటుతో కాక డంగు సున్నంతో, అంటే ఇసుక కలిపి గానుగలో నూరిన సున్నంతో కట్టినవి. వాటిని బాగుచేయించి మళ్లీ కాపురానికో వ్యాపారానికో వాడుకుందామని ముందుకు వస్తున్న యజమానులు ఎంతైనా అభినందనీయులు. అయితే మే నెలాఖరులో మబ్బులు కనబడగానే మేస్త్రిని పిలిచి, బీటలన్నిటినీ సిమెంటుతో పూడ్పించడం వారిలో చాలామంది చేస్తున్న పొరపాటు. జూన్‌లో నైరుతి వానలు వచ్చేలోగా చేయదగినవి నీటికి దారి చూపడం, బలహీనమైన చోట ఆసరా నిలపడం మాత్రమే. సున్నం గాలిని పీల్చుకుంటూ వారాల తరబడి నిదానంగా గట్టిపడుతుంది కాబట్టి, అసలు మరమ్మతును వానలు వెనకబట్టిన తరువాత, కార్తీకంలో మొదలుపెట్టాలి.

సున్నపు గోడ చెమ్మను పీల్చుకుని ఎండకు వదిలేస్తుంది. దానిపై సిమెంటు పూత పడితే ఆ చెమ్మ లోపలే చిక్కుకుంటుంది. శాలిబండలో ఒక ఇంటి గోడను వేలి కణుపుతో తట్టి చూస్తే డొల్లగా పలికింది. ఉలితో ఒక పెచ్చు లేపి చూస్తే సిమెంటు గట్టిగానే ఉంది కాని, దాని వెనకనున్న సున్నం తడిసిన పిండిలా వేలికి అంటుకుంది. పైకి నున్నగా కనిపిస్తున్నందువల్ల ఆ ఇంట్లోవారికి మూడేళ్లుగా అనుమానమే రాలేదు.

అన్నిటికంటే ముందు మిద్దె ఎక్కి చూడాలి. తూములలోని ఆకులు, మట్టి తీయించి, బకెట్టు నీళ్లు పోసి అవి ఎటు పోతున్నాయో, ఎక్కడ నిలుస్తున్నాయో గమనించాలి. మిద్దె కారినప్పుడల్లా పైన మరో పొర కాంక్రీటు వేయిస్తూ పోతే ఆ బరువంతా టేకు దూలాలే మోయాలి. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే ఒక టన్ను బరువు ఉంటుంది. దూలాలపై అటువంటిది ఉంటే దింపించాలి. దూలం ముందుగా పుచ్చేది గోడలో దూరిన చివరనే కనుక, అక్కడ మేకుతో గుచ్చి చూడాలి. సులువుగా దిగితే కింద పోటు, అంటే ఆసరా గుంజ, పెట్టించాలి. ఆ పోటు పై అంతస్తు నేల మీద ఆగకుండా, బరువు గట్టి నేలదాకా చేరేటట్లు కింది అంతస్తులోనూ దానికి సూటిగా మరొకటి ఉండాలి.

గోడలో మొలిచిన రావి మొక్కను పీకవద్దు, వేళ్లతో పాటు రాళ్లూ ఊడివస్తాయి. మొదటికి కోసి, మిగిలినది సున్నపు పని నాటికి వదలాలి. బీటకు అడ్డంగా సన్నని గాజుపలక అతికించి తేదీ రాయాలి. బీట పెరిగి అది పగిలినా, గోడ ఉబ్బినా, తలుపులు హఠాత్తుగా బిగుసుకున్నా ఆ రాత్రి అక్కడ పడుకోకూడదు.

పక్క ఇల్లు కూలుస్తున్నప్పుడు మరింత జాగ్రత్త అవసరం. ఈ గల్లీలలో ఇళ్లు ఉమ్మడి గోడలతో ఒకదానినొకటి ఆనుకుని నిలిచాయి. పొరుగువారు పునాది తవ్వకముందే మన గోడకు ఆసరా కట్టించమని రాతపూర్వకంగా అడగాలి, వానాకాలంలో తవ్వకం వద్దని నచ్చజెప్పాలి.

తడి గోడలలోని పాత వైర్లను విడిచిపెట్టరాదు. 2025 మే 18న చార్మినార్ దగ్గరి గుల్జార్ హౌజ్‌లో ఒక ఇంట్లో జరిగిన అగ్నిప్రమాదంలో 17 మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ ఇంటికి ఉన్నది ఒకే ఇరుకు దారి. వైర్లు మార్పించి, కరెంటు లీకైతే సరఫరాను ఆపే పరికరం పెట్టించి, మెట్ల మీది సామాన్లు తీసేసి, మిద్దె మీదుగానైనా రెండో దారి చూసుకోవాలి.

1591లో కట్టిన చార్మినార్ మినార్ నుంచి కూడా 2019 మే నెలలో వానకు గచ్చు పెచ్చు ఊడిపడింది. దానికి 100 మీటర్ల లోపు కొత్త కట్టడాలు నిషిద్ధం, ఆపై 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అక్కడ మరమ్మతుకైనా ముందుగా అనుమతి తీసుకోవాలి కనుక, కార్తీకంలో పని పెట్టుకునేవారు దరఖాస్తు ఇప్పుడే ఇవ్వడం మంచిది.

శిథిల భవనమని నగరపాలక సంస్థ నోటీసు ఇస్తే వెంటనే ఖాళీ చేయాలి. కాని ఖాళీ చేయడం వేరు, కూల్చడం వేరు. కూల్చే ముందు సున్నపు కట్టడాలు తెలిసిన ఇంజనీరుకు చూపించాలి. తాళం వేసిన ఇంటికైనా వానలు తగ్గేవరకు వారం వారం తూములు చూసి వచ్చే మనిషిని పెట్టాలి.