నాన్న మొహం చదవడం – 3వ పాఠం: నవ్వు ఎక్కడ వెతకాలి

పోయిన రెండు పాఠాల్లో మా నాన్నకున్న పార్కిన్సన్స్ జబ్బు అంటే వణుకు ఒక్కటే కాదని, మొహం కూడా బిగుసుకుపోతుందని చెప్పుకున్నాం కదా. ఈసారి అసలు పని. మొహం చెప్పనిది ఇంకెక్కడ దొరుకుతుందో చూద్దాం.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. రథయాత్ర రోజు పక్కింటి ఒడియా ఆవిడ దొన్నెలో ప్రసాదం తెచ్చి నాన్న చేతికిచ్చింది, ఈయనేమో ఉలుకూ పలుకూ లేకుండా చూస్తూ కూర్చున్నారు, ఆవిడ పాపం నొచ్చుకుని "మౌసా, రాగ కలే కి?" అంది. రాగ అంటే వాళ్ళకి కోపం లెండి, మనకి పాట. కోపం కాదమ్మా జబ్బు అని నేను సర్దిచెప్తూ ఇటు తిరిగి చూస్తే నాన్న దొన్నె అంచు చుట్టూ వేలు తిప్పి నాకుతున్నారు. మొహం మాత్రం అలాగే ఉంది.

అందుకే ముందు చేతులు చూడండి. తర్వాత రెప్పలు. మామూలుగా మనం నిమిషానికి 15, 20 సార్లు రెప్ప కొడతాం, వీళ్ళకి అది బాగా తగ్గిపోతుంది, గుచ్చి చూస్తున్నారని ఎదుటివాళ్ళు అనుకునేది అందుకే. టీవీ చూస్తున్నప్పుడు ఫోన్‌లో టైమర్ పెట్టి లెక్కపెట్టండి, చెప్పకుండా, చెప్పారో కావాలని కొట్టేస్తారు. ఈ జబ్బుకి వాడే లెవోడోపా మాత్రకి ముందోసారి, గంట తర్వాతోసారి. మా నాన్నకి రెండోసారి ఎక్కువే వస్తుంది, అందరికీ అలా రావాలనేం లేదు. రాసుకోండి అంతే, ఆ లెక్క చూసి డోసు మీరే మార్చేయకండి, అది డాక్టరు పని.

ఫోటోకి నవ్వండి అంటే నవ్వుతారు, జోకుకి నవ్వరు. మా చిన్నాన్న దీన్ని నటన అన్నాడు, నాకు ఒళ్ళు మండింది. ఈ జబ్బులో మెదడులో డోపమైన్ అనే రసాయనం తగ్గిపోతుంది, అది తగ్గితే ఎక్కువ దెబ్బతినేది దానంతటది వచ్చే నవ్వు, అడిగితే తెచ్చుకునే నవ్వు కొంత మిగులుతుంది.

ఇక అడిగే తీరు. "బాగుందా?" అని మొహం చూడకండి, "ఇంకో గరిటె వెయ్యనా?" అనండి, అని మనసులో పది లెక్కపెట్టండి. గొంతు కూడా చిన్నదైపోయి ఉంటుంది, టీవీ ఆపి పక్కన కూర్చుంటేగాని వినపడదు.

అన్నిటికంటే కష్టం మన మొహమే. ఎదుటి మొహం కదలకపోతే మనదీ తెలీకుండా బిగుసుకుంటుంది, నాకైతే వంటింట్లోకొచ్చాక తెలిసేది రోజంతా నేనే నవ్వలేదని.

ఒక్క జాగ్రత్త. ఈ జబ్బులో డిప్రెషన్ కూడా చాలామందికి వస్తుంది, మొహం చూసి ఉందనీ చెప్పలేం లేదనీ చెప్పలేం. నిద్ర, తిండి తగ్గినా, ఇష్టమైన వాటి మీద ధ్యాస పోయినా "నాన్నా, దిగులుగా ఉందా?" అని సూటిగా అడిగి డాక్టరుకి చెప్పండి.

హోంవర్కు మూడు రోజులు. రోజుకో పేజీ, ఆయనకి ఏం నచ్చింది, మీకెలా తెలిసింది. మొహం గురించి ఒక్క ముక్క కూడా రాయకూడదు. అద్దం ముందు ప్రాక్టీసు 4వ పాఠంలో.