అన్నిటికీ 'కన్ఫ్యూజన్' ఒక్కటే వాడకండి

గందరగోళాన్ని ఇంగ్లీషులో చెప్పాలనగానే మనకు ఠక్కున నోట్లోకొచ్చేది 'కన్ఫ్యూజన్'. అది బుర్రలో తికమకకి బాగా సరిపోతుంది. బల్ల మీద అక్కర్లేని కాగితాలూ వైర్లూ పేరుకుపోతే మాత్రం క్లట్టర్. వాటి మీద సిరా కూడా ఒలికి అసహ్యంగా తయారైతే మెస్. ఒకరి పార్సిల్ ఇంకొకరికి చేరితే మిక్సప్. ఎవరి మాటా ఎవరికీ వినపడనంత అల్లకల్లోలమైతేనే కేయాస్. దీన్ని 'చావోస్' అని చదివేవాళ్లున్నారు. అక్కడ 'సీహెచ్'ని 'క' అనే పలకాలి.

ఇంకో మెలిక: 'ఇట్స్ ఎ మెస్' అంటాం గానీ, కేయాస్ ముందు ఆ 'ఎ' మామూలుగా రాదు. 'ఇట్స్ కేయాస్', అంతే. క్లట్టర్ కూడా దాదాపు ఇంతే.

అన్నట్టు, భోజనాల మెస్సూ ఈ మెస్సూ ఒకటే మాట. మొదట్లో దానర్థం వడ్డించిన వంటకం!